ఆయమ్మ సాక్ష్యం

హలో… ఆ, నేనే. జానమ్మను… ఔను బిడ్డ, బడి నంబరే. కేతేపల్లిల బడి గోడ మీద గిదే రాసి ఉంటది.

బెంజమిన్ సారా?… పెద్దసారు లేడమ్మా. కరోనల పోయిండు. గప్పుడే బడి గూడ మూతపడ్డది. తాళాలు, గీ ఫోను నా తాన్నే ఉన్నయ్… నేనా? ఆయమ్మను.

హైదరాబాద్ ఆఫీసు నుంచా… ఆ, చెప్పు.

ఎవరు?… రూపనా…

ఉన్న బిడ్డ, ఇంటున్న… ఏ దేశమన్నవ్?… మస్కటా. ఆడ బళ్లె టీచర్ నౌకరి…

మా బళ్లె మూడేండ్లు చెప్పిందా అనా…

లేదు… గా పేరుగల్ల టీచరెవ్వరు లేకుండె.

లేదంటే ఏమైతది?… పర్మిట్ రాదా. ఇగ పోనే పోదా…

జరాగు బిడ్డ. పొయ్యి మీద పాలు పొంగుతున్నయ్, ఫోను కింద పెడ్తున్న—

—ఏందే రూపా?… ఎవరైతే నీకెందుకు, మీ నాయినమ్మకు ఫోన్లు రావొద్దా? నువ్వు టీచరమ్మవైతే నాకు దోస్తులుండొద్దా? పో, నీళ్లు సల్లారుతయ్, తానం చెయ్—

ఆ, వచ్చిన… ఎవరు లేరు, పక్కింటి పిల్ల… అయ్యో, అప్పుడే రాయకు! ఆగు.

ఓ మాట అడుగుత. గా పర్మిట్ సక్కటిదేనా?… చూసొచ్చే విజిట్ వీసా చేతుల పెట్టి, పని కాగితాలు ఆడికి పోయినంక అంటరు గద… గట్ల పోయిండు బిడ్డ నా కొడుకు, సాల్మన్. పోలీసోళ్లు పడ్తరని దాక్కుంట తిరిగిండట. జరమొచ్చినా దవాఖానకు పోలే. కాగితం లేకపాయె… పానం ఎట్ల పోయిందో ఎవరు చెప్పలే. మన్నుల పెట్టింది గూడ ఆడనే… పోయేనాడు బస్సెక్కినంక కిటికీల నుంచి చెయ్యి బయట పెట్టిండు. గిప్పటికి ఏ బస్సు ఆగినా గా చెయ్యి అగుపడ్తది. మనిషి అగుపడడు…

లే, ఏడుస్తలే. చెప్పు.

పర్మిట్ ఉంటే దవాఖానకు పోవచ్చా… ఇంటికి రావచ్చా, ఎవ్వరికి భయపడకుంట?… గదంత నా ఒక్క మాట మీదనే ఉన్నదా.

…

చెప్పింది బిడ్డ. మూడేండ్లు చెప్పింది. ఇందాక మరిచిన, ముసల్దాన్ని… ఎట్ల తెలుసంటె? గామె లోపల పిల్లలతోని అక్షరాలు దిద్దిస్తాంటే, నేను బయట ఊడ్చుడు ఆపి చీపురుపుల్లతోని మట్టిల దిద్దిన. గిప్పుడు బస్సు బోర్డులు చదువుత, బైబిలు చదువుత. గా పిల్ల బడికి రాకపోతే నాకెట్ల వస్తది చదువు?… ఆ, నవ్వుకో. రాస్కో.

ఏంది?… ఆమె నాయిన పేరు… సాల్మనేనా.

…

ఏమో బిడ్డ. మా చర్చి గల్లీల రాయి ఇసిరితే ఓ సాల్మన్ కు తాకుతది.

ఎందుకడుగుతున్నవ్?… అట్లనా. చుట్టమైతే నా మాట చెల్లదా… ఇంకెవరన్న చెప్పాల్నా. ఇంకెవరున్నరమ్మా…

లే. చుట్టం గాదు.

ఆ, కరాఖండిగనే చెప్తున్న. నా మనుమరాలు గాదు. నా కొడుక్కు పిల్లలే లేరు… మల్ల చెప్పాల్నా? రికార్డు అయితాందా… గట్టిగనా.

రూప అనే పిల్ల నాకు ఏం గాదు.

చాలునా బిడ్డ?… మంచిది. పర్మిట్ తొందరగ ఇయ్యమను… హలో?… హలో…

…

రూపా. నువ్వెప్పటిసంది నిలబడ్డవే గాడ?