ఆడోల్ల గది తాళం

ఈ మోకాల్లతోటి ఆ మెట్లు రెండుసార్లు ఎక్కించేవు కదే మణీ! ఆ గేటు కాడ కూకున్నోడు ఒకడు, ఎవులి కోసమమ్మా అంటాడు. మా మణి కోసం బాబూ, గాలివానకి సెయ్యి తెగి తొమ్మిది రోజులయ్యి ఇక్కడే ఉంది అన్నాను. ఆడోల్ల వార్డా, మగోల్ల వార్డా అంటాడు.

ఏటి సెప్పను? ఎల్లి మగోల్ల వార్డులో ఎతికేను. ఒక్కో మంచమూ సూసేను. ఒక ముసలాయన పంచె సర్దుకుని, ఎవులమ్మా నీకు కావాల్సింది అన్నాడు. మా మేనల్లుడు బాబూ, మణికంఠ అన్నాను. ఆ పేరుతో ఎవులూ నేరన్నారు. సిగ్గుతో సచ్చిపోయేననుకో.

ఆకరికి ఒక నర్సమ్మ ఎదురయ్యింది. సెయ్యి తెగిన టైలరు మణి కదా, పైన ఆడోల్ల వార్డు, కిటికీ పక్క మంచం అనీసింది. ఎంత తేలిగ్గా అనీసింది ఆ పిల్ల!

కాసింత జరుగు, కూకుంటాను. కట్టుకి తగలన్లే. పెసరకట్టు తెచ్చేను, ఉడికించిన గుడ్డు తెచ్చేను. ఎడం సేత్తో తింతావేటి? నాను కలిపి పెట్టనా? ... సర్లే. నీకు ఆకలేసినప్పుడే తిను. ఇక్కడ పెడతన్నాను.

ఇదేటి, ఈ దుప్పటి? మంచానికీ మంచానికీ నడాన తాడు కట్టి ఏలాడదీసేరు? ఓహో, నర్సమ్మ కట్టిందా. నీకు కట్టు మార్సినప్పుడు నీకూ మరుగు, పక్క మంచం ముసలమ్మ గుడ్డ మార్సుకున్నప్పుడు ఆవిడికీ మరుగు. మరి గొడవేటీ అవ్వనేదా? ఒకావిడ వద్దందా? ఆవిడిని ఆ సివర మంచానికి మార్సేరా? అంతేనా?

అంతేనన్నమాట.

మండలం నుంచి ఇచ్చిన దుప్పట్లు ఆ గాలివాన రోజు నాకాడ ఇరవై ఉన్నాయి మణీ. మడత కూడా ఇప్పనేదు.

నామీద కోపం ఉంటాది నీకు, ఎందుకుండదు? అయినా ఒక్క మాట ఇను. నువ్వు బయటున్నావు. నా నెత్తి మీద ఎంత బరువెట్టేరో నీకు తెలీదు. బళ్ళో పిల్లలకి మజ్జాన్నం వండుకునేదాన్ని, నాకేటి తెలుసు ఈ డూటీలు? ఏరు పొంగుతాది, గట్టు మీద ఇల్లన్నీ కాళీ సేసి బళ్ళోకి వచ్చీయండని మైకులో సెప్పేరు. పంచాయితీ సెక్రటరీ త్రినాధరావు బాబు తాళాలు తెచ్చి నా సేతిలో ఎట్టేడు. సిన్నమ్మలూ, తొమ్మిదో తరగతి గది ఆడోల్లకి, పదో తరగతి గది మగోల్లకి. ఆడోల్ల గదికి నువ్వే ఇన్‌చార్జివి, ఒక్క మగోడు గుమ్మం తొక్కకూడదు, ఏదన్నా అయితే నీ పనీ నా ఉద్యోగమూ రెండూ పోతాయి అన్నాడు.

అది తప్పంటావా? తప్పు కాదు. అందరూ తడిసి ముద్దయిపోయి వచ్చేరు. సీరలు మార్సుకోవాల. పురిటికొచ్చిన మా ఇందు నెల పిల్లకి పాలివ్వాల. పైడితల్లి మనవరాలు ఉంది కదా, పద్నాలుగేల్లది, దానికి సరిగ్గా ఆ పొద్దే బయట సేరే రోజు. కిటికీకి తలుపుల్నేవు, నానే గోనె సంచులు కట్టేను. ఆడోల్లకి ఒక గది ఉండాలా వద్దా? నువ్వే సెప్పు. ... ఊఁ. ఉండాలంటావు. నువ్వు కాదంటావని కాదులే.

అప్పుడొచ్చేవు నువ్వు. సాయంత్రం నాలుగున్నరయ్యుంటాది. గొడుగు ఎక్కడ ఎగిరిపోనాదో, సీర కాల్లకి సుట్టుకుపోయి, కుట్టుమిషను తలకాయి ఒకటీ ఊడదీసి గోనిలో సుట్టి బుజానెట్టుకుని వచ్చేవు. ఇంట్లో ఇంకేటీ తేనేదు. అదొక్కటే తెచ్చేవు.

త్రినాధరావు బాబు రిజిస్టరు తెరిసేడు. దాంట్లో రెండే గళ్ళు, ఆడ, మగ. పెన్ను పట్టుకుని నా మొకం సూసేడు. కలెక్టరాఫీసోల్లు ఇచ్చిన కార్డుందండీ అని నువ్వు మిషను కిందకి దించబోతంటే, కార్డులు తరవాత సూద్దాం, సిన్నమ్మలు నీకు సొంత మేనత్త కదా, ఆవిడెలా సెప్తే అలాగే రాత్తాను అన్నాడు. సూసేవా ఎలా తప్పుకున్నాడో? రాసేదేమో ఆయన, సెప్పేదేమో నాను! అడకత్తెరలో పోకసెక్కయిపోనాను.

లోపల అడిగొత్తాను ఉండు అన్నాను. ఎల్లేను, వచ్చేను. ఏటి సెప్పేను నీకు? లోపలోల్లు వద్దంటన్నారు మణీ, ఇందు మరీ వద్దంటంది, పచ్చి బాలింతరాలు కదా, ఏటీ అనుకోకు అన్నాను. నువ్వు ఒక్క మాటన్నావా? ఇందు కూడానా అత్తా, అన్నావు. అంతే.

పైడితల్లి వద్దంది. అది నిజిం, నూకాలమ్మ తల్లి మీదొట్టు. మా మనవరాలు గుంట ఉంది, నాకు బయిం అంది. ముందు అలాగే అంది. దాని బయిం దానిది, దాన్నేటీ అనకు. సిన్నప్పుడు ఎక్కడేటి పడిందో, ఎవులికి తెలుసు? ఆడదాని బయిం ఊరికే రాదు.

అయినా అదే పైడితల్లి, జబ్బలకీ నడుముకీ నీ సేతే టేపు పెట్టించుకుంటాది కదా! ఊర్లో ఆడోల్లందరి కొలతలూ నీకాడే ఉన్నాయి. టేపు పట్టుకుంటే నువ్వు ఆడదానివి, గుమ్మం కాడికొత్తే కాదేటి? నాకూ నవ్వొత్తాది. నాను మాత్రం తక్కువ తిన్నానా? నా ఆది జాకెట్టు పైడితల్లి సేతికిచ్చి పంపేను, నాదని సెప్పొద్దన్నాను. నువ్వు కనిపెట్టీసేవు. సంక కాడ బిగుతని నాను ఎవులికీ సెప్పనేదు, నువ్వే రెండు వేల్లంత వదులెట్టి కుట్టేవు. పైడితల్లి సేతే తిరిగి పంపేవు. ఇదిగో, ఇప్పుడు ఏసుకున్నది అదే.

మగోల్ల గదికి ఎల్లమన్నాడు త్రినాధరావు బాబు. గుమ్మం దాకా ఎల్లేవు. లోపల్నుంచి ఈలలేసేరు. ఎవులో, నా పక్కన పడుకో రాయే అన్నాడు. నాకు ఇనపడింది. ఆ గొంతెవులిదో కూడా నాకు తెలుసు. ఇనపడనట్టు దుప్పట్లు లెక్కెడతా నిలబడ్డాను.

తిరిగొచ్చీసేవు. నీ మొకం సూడలేక వంటపాక తాళం తీసిచ్చేను. పొయ్యి ఇంకా వెచ్చగా ఉంది, దాని పక్కన కూకో, గాలి తగ్గినాక సూద్దాం అన్నాను. అత్తకి జాలేసిందని నువ్వనుకున్నావు కాబోలు. తలూపేవు కూడా.

ఆ పాక పైన రేకుకి మేకులు ఊడిపోయి రెండు నెలలయ్యింది మణీ. వాన కారతాదని నానే నిచ్చెనేసి ఎక్కి రెండు ఇటికిరాయిలు బరువెట్టేను. ఆ గాలికి ఇటికిరాయిలు ఆగుతాయేటి? నాకు తెలుసు. తాళం నీ సేతిలో పెడతన్నప్పుడు కూడా ఆ ఇటికిరాయిలు గుర్తొచ్చేయి. ఏటవుద్దిలే అనుకున్నాను.

ఆరున్నరకి రేకు ఎగిరిన సప్పుడు. నువ్వు అరవనేదు. అరిత్తే బాగుణ్ణు. నాను లాంతరట్టుకుని వచ్చేసరికి ఆ మిషను మీద నువ్వు బోర్లా పడున్నావు, కుడి సెయ్యి మోసేతి కిందనుంచి మణికట్టు దాకా...

డాక్టరేటన్నాడు ఇయ్యాల? వేల్లు రెండూ కదుల్తన్నాయా? ఏదీ, కదుపు సూద్దాం. ... సర్లే, వద్దు, నొప్పయితే వద్దు. రెండు నెలలు సూడాలన్నాడా? కత్తెర పడతాదో నేదో అప్పుడు గానీ సెప్పలేనన్నాడా? ఓలమ్మ. ఓలమ్మ, నా సేతులు పడిపోయినా బాగుణ్ణు. నాకేటి, గరిటె తిప్పుకునేదాన్ని.

నన్ను తిట్టు మణీ. తిట్టు. మీ అమ్మ ఉంటే ఈపాటికి నా జుట్టట్టుకునేది.

ఇంకోటుంది. సెప్పకపోతే నాకు ముద్ద దిగదు.

ఇందు పుట్టినప్పుడు నీకు మూడేల్లు. మీ నాన్న, మా జగ్గన్న, నిన్ను సంకనెట్టుకొచ్చి, ఇదిగోనే సెల్లీ నీ అల్లుడు అని పురిటి మంచం మీద కూకోబెట్టేడు. నువ్వు దాని వేలట్టుకుని వదల్నేదు. ఆ రోజునుంచి నాకు నువ్వు మేనల్లుడివి కాదు, అల్లుడివే. పండక్కి నీకు పేంటూ సొక్కా నానే కొనేదాన్ని. నువ్వేసుకునేవోడివి కావు. ఎందుకేసుకోవో నాకప్పుడు తెలీదు కదా.

పద్దెనిమిదేల్లకి ఎల్లిపోనావు. ఊరంతా నన్నే అడిగేది. మునగపాక సంతకెల్తే అక్కడా అడిగీవోరు. ఏటమ్మా సిన్నమ్మలూ, మీ అల్లుడు సీర కట్టేడంట కదా! ఎంత నవ్వేవోరో. ఇందుకి ఏ సంబందం వచ్చినా ముందు ఆ మాటే. ఆకరికి కశింకోట సంబందం కుదిరింది. అయ్యప్ప బంగారం లాంటోడు, ఇందుకి ఏ లోటూ నేదు. అదెప్పుడో మర్సిపోనాది. నానే మర్సిపోనేదు. మీ నాన్న పోతే నువ్వొచ్చి ఆ ఇంట్లోనే మిషనెట్టుకున్నావు. ఈ మూడేల్లూ నీ ఇంటి ముందునుంచి పోతే తల దించుకుపోయేదాన్ని. కడుపులో మంట, ఇంకేటి.

ఆ రోజు నాను లోపలికెల్లేను కదా. ఎవులినీ ఏటీ అడగనేదు మణీ. నాను నోరు తెరవకముందే ఇందు నేచి కూకుంది. అమ్మా, వదిన గొంతులా ఉంది, వచ్చిందా అంది. బయట ఎందుకు నిలబెట్టేవు, లోపలికి తీసుకురా, నా పక్కన సోటుంది అంది. సాప గోడకి లాగి సోటు కూడా సేసింది. పైడితల్లి గునిసింది. దానికి ఇందే సర్ది సెప్పింది. అప్పుడు పైడితల్లి ఏటందో తెలుసా? నడాన దుప్పటి కట్టీ సిన్నమ్మలూ, మేం ఇటుంటాం, తడిసి సచ్చిపోతాది పాపం అంది.

ఎవులూ వద్దననేదు మణీ. నానే వద్దన్నాను.

ఎందుకా? వదిన అంది సూడు ఇందు, అందుకు. ఎంత మామూలుగా అంది! పదేల్లు నాను మోసిన అవమానం అదొక్క మాటతో తుడిసేసింది. నాకు అల్లుడవ్వాల్సినోడివి దానికి వదినయిపోతే, మరి నానేటవ్వాల? పదేల్లు ఎందుకేడిసినట్టు? ఒల్లు మండిపోనాది. ఆడోల్ల సిగ్గూ కాదు, సెక్రటరీ ఆర్డరూ కాదు. ఆ తాళం నా సేతిలో ఉంది. నీమీద నా కసి తీర్సుకున్నాను. ఇందు మరీ వద్దంటంది అన్నాను సూడు, అది నీకు ఎక్కడ తగుల్తాదో తెలిసే అన్నాను.

మల్లీ లోపలికెల్లి ఇందుకేటి సెప్పేనో తెలుసా? మీ వదినే రానంది, మనతో కూకోడం దానికి ఇష్టం నేదంట అన్నాను. అది సాపలో ఆ సోటు అలాగే వదిలీసి పడుకుంది. ఈ తొమ్మిది రోజులూ అడుగుతానే ఉంది. వదినకి నామీద ఎందుకమ్మా కోపం, నానేటి సేసేను అని.

అది కిందుంది ఇప్పుడు. అయ్యప్ప సంటిదాన్ని ఎత్తుకుని గేటు కాడ నిలబడ్డాడు. లోపలికి రానిత్తారో నేదో సూసొత్తానని నాను ముందొచ్చేను. అదీ అబద్దమే. నీ కాల్లట్టుకుందామని వచ్చేను. ఇందు అడిగితే నువ్వే రానన్నావని సెప్పు మణీ, నా కూతురి ముందు నా పరువు నిలబెట్టు అని అడుగుదామని వచ్చేను. ఈ పెసరకట్టు, ఈ గుడ్డు, ఈ జాకెట్టూ అన్నీ అందుకే. తోవ పొడుగూతా ఎలా అడగాలా అనే అనుకున్నాను.

అడగను. ఆ కట్టు సూసినాక నోరెలా వత్తాది?

అదుగో, వత్తన్నట్టుంది. పట్టీల సప్పుడు దాందే, ఎంత సెప్పినా ఆసుపత్రికి కూడా ఏసుకొచ్చింది. వచ్చీ రాగానే అడుగుతాది నిన్ను. ఆ రోజు ఎందుకు రానన్నావు వదినా అని. ఉన్నదున్నట్టు సెప్పీ. అదింక నాతో మాటాడదు. మాటాడకపోనీ.

ఒక్కటి మాత్రం ఇను. సెప్పినప్పుడు దాని మొకమే సూసి సెప్పు, నాకేసి సూడకు. నన్ను సూత్తే నువ్వు సెప్పలేవు. నీ గుణం నాకు తెలుసు, తప్పు నీమీదే ఏసుకుంటావు.