డ్రమ్ము ఒక్కటీ ఉండనీ

ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేసే షాపు. ఎప్పుడూ సగమే లేచే షట్టరు ఇవాళ పూర్తిగా లేచింది. లోపల కోడలు నడుం బిగించి ఊడుస్తోంది. పాత ఇనుము కొనే బండబ్బాయి సామాను బయటికి మోస్తున్నాడు. మామగారు మాత్రం గడప దాటి లోపలికి రావడం లేదు.

"అంటే డ్రమ్ము కూడానా?"

"డ్రమ్ము కూడానే మామయ్యా. తుప్పు పట్టిన బోల్టులు తప్ప అందులో ఏముంది?"

"బోల్టులు తీసేసుకో. డ్రమ్ము ఉండనీ."

"ఖాళీ డ్రమ్ము ఏం చేసుకుంటారు?"

"ఉండనీ అంటున్నానా."

"దారికి అడ్డం. షాపు మధ్యలో అంత డ్రమ్ము ఎవరైనా పెట్టుకుంటారా? వచ్చినవాళ్లందరి మోకాళ్లూ పగలడమే."

"నా మోకాలు ఎప్పుడైనా పగిలిందా?"

"అమ్మా, పాత ఫ్యాను బాడీలన్నీ బండిలో వేసేశాను. గోడ ఖాళీ. ఇంకా ఏమైనా ఉందా?"

"ఆ డబ్బాలు కూడా ఎత్తెయ్ బాబూ. బల్ల మీదవన్నీ."

"ఏ డబ్బాలు? ఏయ్ బండబ్బాయ్, ఆగు. అందులో ఫ్యాను ఇరుసుకి వేసే బుష్షులున్నాయి."

"ఇవి మేకులు తాతా. బుష్షులు కావు."

"ఊపు."

"ఏంటి?"

"డబ్బా ఊపవయ్యా. ఊ, ఇవి మేకులే. పక్కది ఊపు. అదిగో, అవే బుష్షులు. అది కింద పెట్టు."

"పెట్టకు. బండిలో వెయ్."

"ఎవరి మాట వినమంటారమ్మా నన్ను?"

"బేరం ఆడింది ఎవరు? నేనే కదా. వెయ్యి బాబూ. ముందు ఇది దింపేసి మళ్లీ రా."

"వెళ్లిపోయాడా?"

"వెళ్లిపోయాడు. మీ ఎదురుగుండానే కదా వెళ్లాడు."

"ఆఁ, అదే. వెళ్లిపోయాడా అంటున్నా."

"మామయ్యా, మీ మీద కోపం కాదు నాకు. పంపుల షాపువాళ్లు పారేసింది మీరు ఏరుకొస్తారు. మీరు ఏరుకొచ్చింది నేను పారేస్తాను. మళ్లీ మీరు ఆ బండి వెనకాలే వెళ్లి బతిమాలి తెచ్చుకుంటారు. ఊళ్లో ఉన్న చెత్తకంతా మన షాపు చుట్టాలిల్లు అయిపోయింది."

"వాళ్లకి చెత్త. మొన్న టైలరమ్మ ఫ్యానుకి బుష్షు దొరక్క ఎన్ని షాపులు తిరిగింది పాపం? ఇలాంటివి ఇప్పుడు రావట్లేదమ్మా, కొత్త ఫ్యాను కొనుక్కో అన్నారు అందరూ. నా డబ్బాలోంచి తీసి వేశాను. ఇప్పుడు తిరుగుతోందా లేదా?"

"తిరుగుతోంది."

"మరి?"

"ఒక్కటి పనికొచ్చిందని డబ్బాలకి డబ్బాలు దాచుకుంటామా?"

"ఏది పనికొస్తుందో ముందే తెలిస్తే ఆ ఒక్కటే దాచుకుందును. అబ్బా, నీ ఎడమచేతి ఊడుపు ఏమో గానీ, దుమ్మంతా నా కాళ్ల మీదకే వస్తోంది."

"పుట్టుకతో వచ్చిన ఎడమచెయ్యి, ఇప్పుడెక్కడ మార్చుకోను? లోపలికి రండి, అక్కడే ఎందుకు నిలబడ్డారు?"

"ఇక్కడ గాలి బాగుంది."

"ఎండలో గాలేంటి మామయ్యా?"

"అసలు ఇదంతా ఇవాళ ఎందుకు పెట్టుకున్నావు? అది చెప్పు ముందు."

"ఎలకలు చేరాయని చెప్పాను కదా."

"పొద్దున ఎలకలన్నావు. నిన్న ఓనరు జాగా ఖాళీ చెయ్యమన్నాడన్నావు. ఇప్పుడు దారికి అడ్డం అంటున్నావు. ఓనరు, ఎలకలు కలిసి వచ్చి అడిగాయా నిన్ను?"

"మీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వట్లేదమ్మా. అడుగుతున్నా."

"ముందు వచ్చి కూర్చోండి. స్టూలు తుడిచి వేశాను. ఎంత విశాలంగా ఉందో చూడండి, మన షాపేనా అనిపిస్తుంది."

"స్టూలు ఎక్కడ వేశావు?"

"ఎదురుగానే."

"ఎదురుగా అంటే?"

"ఎదురుగా అంటే ఎదురుగానే మామయ్యా. రండి. ఆఁ. అటు కాదు. అటు కాదు, అది గోడ."

"గోడే. నాకు తెలీదా గోడని?"

"మరి గోడని పట్టుకుని ఏం వెతుకుతున్నారు?"

"ఏం లేదు. సున్నం రాలుతోందా అని చూస్తున్నా."

"మామయ్యా."

"ఊ."

"నా చేతిలో ఏముంది?"

"చీపురు."

"చీపురు కింద పెట్టేశాను. ఇప్పుడు ఏం పట్టుకున్నాను?"

"చిన్నపిల్లల ఆటలేంటి అమ్మాయ్ నాతో?"

"చెప్పండి."

"చెప్పను."

"మామయ్యా, చెప్పండి."

"ఈ గోడ పొడుగునా ఫ్యాను బాడీలు ఉండాలి. వాటి మీద చెయ్యి వేసుకుంటూ వస్తే డ్రమ్ము కాలికి తగలాలి. డ్రమ్ము తగిలిన చోట పక్కకి తిరిగితే నా బల్ల. బల్ల అంచున మేకుల డబ్బా, దాని పక్కన బుష్షుల డబ్బా. నువ్వు మొత్తం ఊడ్చి విశాలంగా ఉంది చూడండి అంటున్నావు. విశాలంగా ఉంటే నేనెక్కడున్నట్టమ్మా?"

"ఇదిగో, నా చెయ్యి పట్టుకోండి. ఇది స్టూలు. కూర్చోండి. ఎన్నాళ్ల నుంచి?"

"ఏది?"

"ఇంకా దాస్తారేంటి."

"ఒక కన్ను కిందటి వానాకాలంలోనే పోయింది. రెండోది మసగ్గా ఉండేది. ఈ మధ్య ఆ మసక కూడా లేదు."

"ఒక్క మాట చెప్పలేదే. డాక్టరుకైనా చూపించుకున్నారా?"

"చూపించుకున్నా. కంటి నరం ఎండిపోయిందిట. ముందే రావాల్సింది అన్నాడు."

"ఇంట్లో మాకెవ్వరికీ తెలీకుండా ఎలా తిరిగారు మామయ్యా?"

"ఇంట్లో ఏముంది? నా కుర్చీ ఎప్పుడూ కిటికీ పక్కనే. పళ్లెం నువ్వే చేతికిస్తావు. మావాడు నాతో మాట్లాడేటప్పుడు ఎలాగూ ఫోను చూసుకుంటూ మాట్లాడతాడు, నా మొహం చూడడు. ఇంక దాచడానికి కష్టమేముంది? చూడు, ఇప్పుడు తెలిసిపోయింది కదా. ఆ డ్రమ్ము ఒక్కటీ ఉండనీ. ఆ బాడీలు వెనక్కి తెప్పించు. చెత్త అంటే చెత్తే, ఒప్పుకుంటా. కానీ నాకు దారి అది."

"ఎలా తెప్పించను మామయ్యా? నా చేతుల్లో ఉందా ఇది?"

"మరి ఎవరి చేతుల్లో ఉంది?"

"మీ అబ్బాయి చేతుల్లో. ఎలకలూ లేవు, ఓనరూ అడగలేదు. షాపు మూసెయ్యమన్నాడు. ఈ వారంలో ఖాళీ చేసి తాళంచెవి ఇచ్చెయ్యమన్నాడు. మీతో ఎలా చెప్పాలో తెలీక ఇలా కొంచెం కొంచెంగా తీసేస్తున్నా."

"మూసెయ్యమన్నాడా? వాడా?"

"ఇస్త్రీ ఆయన భార్యకి మన ఫ్యాను షాకు కొట్టిన రోజు నుంచి అదే మాట. ఆవిడ ఎగిరిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఇంకా నయం ప్రాణం దక్కింది, మళ్లీ ఇంకెవరికో ఇలా అయితే మనం ఊళ్లో తలెత్తుకు తిరగగలమా అంటాడు. ఏం చెప్పను నేను?"

"దానికి వెళ్లి చెప్పొచ్చాను కదా. తప్పు నాదేనమ్మా, క్షమించు అన్నాను. ఆవిడ మంచం పక్కన నిలబడి అన్నాను. ఇస్త్రీ ఆయన కూడా పోనీలే పెద్దాయనా అన్నాడు. అక్కడితో అయిపోలేదా?"

"మీరు ఒప్పుకున్నారు కాబట్టే అవ్వలేదు. నాన్నే ఒప్పుకున్నాక ఇంకేంటి అంటాడు. ఇప్పుడు కళ్లు కూడా లేవని తెలిస్తే ఇంకేమైనా ఉందా? అయినా మీదీ తప్పే మామయ్యా. కరెంటు పని. కంటికి కనపడకుండా వైర్లు ఎలా కలిపారు? ఏది ఎర్రదో ఏది పచ్చదో తెలీకుండా కలిపి జనాలకి ఇచ్చేస్తారా? ప్రాణాలతో చెలగాటమా?"

"తెలీకుండా కలిపానా? నేనా? నీకు కాయిలు చుట్టడం నేర్పినప్పుడు కళ్లు మూసుకోమన్నానా లేదా?"

"కాయిలు వేరు. వైరు రంగు చేతికి తెలుస్తుందా?"

"రంగు ఎవడికి కావాలి? ముళ్లు వేసుకుంటాను నేను. కరెంటొచ్చే వైరుకి ఒక ముడి. తిరిగి వెళ్లేదానికి రెండు. ముడి లేనిది బాడీకి వెళ్లే ఎర్తు. ప్లగ్గులోనూ అదే లెక్క, ఫ్యాను లోపలా అదే లెక్క. చెత్తలోంచి ఏరుకొచ్చిన వైరు, ఏ రంగైతే నాకేంటి? అంతా బిగించాక వేసి చూస్తాను. గాలి మొహానికి తగిలితే గానీ ఒక్క ఫ్యానూ గడప దాటనివ్వలేదు ఇన్నాళ్లూ. ఇంకా చెప్పమంటావా?"

"అన్ని ఫ్యాన్లకీ అంతేనా?"

"అన్నింటికీ. ఎందుకు?"

"ఏం లేదు."

"అమ్మాయ్."

"పచ్చవైరు కరెంటుకి పెట్టినా మీకు తెలీదన్నమాట."

"పచ్చే ఎందుకు అన్నావు?"

"ఊరికే."

"ఊరికే అంటే సరే. అయినా అన్నింటికీ ముళ్లు వెయ్యన్లే. మర్చిపోతుంటాను ఈ మధ్య. వయసు మీదపడింది కదా. ఆ ఫ్యానుకీ మర్చిపోయి ఉంటాను. అదే జరిగింది. మర్చిపోయాను."

"మర్చిపోలేదు మామయ్యా. వేశారు."

"నువ్వు చూశావేంటి?"

"చూశాను."

"చూడలేదు. వదిలెయ్. బండివాడు వచ్చే వేళయింది, ఆ డ్రమ్ము బయటికి దొర్లించు."

"విప్పింది నేనే."

"ఏం మాట్లాడుతున్నావు?"

"మీరు టీకి వెళ్లారు. మీ చెయ్యి తడబడుతోందని కొన్నాళ్లుగా నాకు అనుమానం. ఎక్కడ పొరపాటు జరుగుతుందో అని, మీరు లేనప్పుడు మీరు చేసినవి ఒక్కొక్కటీ విప్పి చూసేదాన్ని. ఆ ఫ్యానులో పచ్చవైరు స్విచ్చికి కలిపి ఉంది. పచ్చది బాడీకి వెళ్లాలని మీరే కదా నేర్పారు."

"నేర్పాను."

"ముడి చూసి చిక్కు పడిందనుకున్నా. విప్పేసి పచ్చది బాడీకి, బాడీది స్విచ్చికి మార్చేశాను. ప్లగ్గు విప్పి చూడాలని తట్టలేదు, అక్కడా పచ్చదే కరెంటుకి ఉంటే కరెంటంతా బాడీకే వస్తుందని. ఇంతలో బయట మీ దగ్గు వినపడింది. వేసి చూడకుండానే టేపు చుట్టి మూత బిగించేశాను. ఆవిడ ఇంటికి తీసుకెళ్లి పెట్టింది, తిరగలేదు. ఎందుకు తిరగట్లేదా అని చెయ్యి వేసింది."

"మెల్లిగా మాట్లాడు. రోడ్డు మీదికి వినపడుతుంది."

"వినపడనీండి."

"అమ్మా, వచ్చేశాను. డ్రమ్ము ఎత్తమంటారా?"

"వద్దు. బాబూ, పొద్దుట్నుంచి నువ్వు తీసుకెళ్లినవన్నీ వెనక్కి పట్టుకురా."

"వెనక్కా?"

"బాడీలూ డబ్బాలూ అన్నీ. నీ డబ్బు నీకిచ్చేస్తాను. పైన కిరాయి కూడా ఇస్తాను."

"ఎక్కడివమ్మా ఇంకా, బాడీలు లారీ ఎక్కేశాయి. పొద్దున వేసినవి ఈపాటికి కరిగించే చోటికి చేరిపోయుంటాయి."

"డబ్బాలు?"

"డబ్బాలు గుమ్మరించేశాం. మేకులూ బుష్షులూ అంతా ఒకటే కుప్ప. ఏరుకోవాలంటే ఆరు నెలలు పడుతుంది."

"ఒక్కసారి వెళ్లి చూడు బాబూ. నీకు పుణ్యముంటుంది."

"వద్దులే బండబ్బాయ్. ఆ డ్రమ్ము కూడా తీసుకుపో."

"మామయ్యా, డ్రమ్మైనా ఉండనీండి."

"ఒక్క డ్రమ్ము పట్టుకుని నేనెక్కడికి వెళ్తానమ్మా? తీసుకెళ్లనీ. జాగ్రత్తగా దొర్లించు నాయనా, అడుగు తుప్పుపట్టింది, చెయ్యి కోసుకుంటుంది."

"సరే తాతా."

"ఫోను ఎక్కడ పెట్టాను? ఇప్పుడే మీ అబ్బాయికి చెప్పేస్తాను. తప్పు మీది కాదని చెప్తాను. షాపు ఎలా మూస్తాడో చూస్తాను."

"చెయ్యకు."

"చెయ్యాల్సిందే."

"చేస్తే? వాడికి నా కళ్ల సంగతి కూడా చెప్పాలి. చెప్పాక షాపు ఉంచుతాడా? ఉంచడు. ఎటు తిప్పినా మూసేదే. మరి నువ్వెందుకు మధ్యలో? పంపుల షాపు ఆయన కాయిలు చుట్టడానికి రమ్మని నీకు కబురు పెట్టాడు కదా."

"మీకెలా తెలుసు? ఇంకా ఎవరికీ చెప్పలేదే నేను."

"అడిగింది నేనే. మా కోడలి చెయ్యి బంగారం, పెట్టుకోవయ్యా అన్నాను. ఆయన ఒక్కటే అడిగాడు, ఆ ఇస్త్రీవాళ్ల ఫ్యాను చేసింది ఎవరని. నేనే అని చెప్పాను."

"ఇంకా నయం, మీకు నిజం తెలీదు కాబట్టి అలా చెప్పగలిగారు. అన్యాయంగా ఆవిడ దగ్గరా తల దించుకున్నారు, కొడుకు దగ్గరా మాట పడ్డారు. నిజంగానే మీ తప్పే అనుకుని ఇన్నాళ్లూ ఎంత కుమిలిపోయారో, నేనేమో నోరు మూసుకుని షాపు ఊడుస్తున్నా."

"ఏడవకు. నీకూ ఇప్పుడే కదా తెలిసింది."

"మీకు తెలిసుంటే అలా ఒప్పుకునేవారా?"

"ఆ ఫ్యాను వెనక్కి తెచ్చిన రోజే మూత విప్పి తడిమానమ్మా. టేపు ఎడమచేత్తో చుట్టి ఉంది."