ఎదురుకోలు పాట

ఫిలింనగర్ కల్యాణమండపంలో పాటల సంగతి మాట్లాడుతూ, పెళ్లికూతురు తన ఫోన్ బ్యాండ్ మాస్టారి చెవి దగ్గర పెట్టింది.

"ఎదురుకోలప్పుడు మా మామగారు కారు దిగగానే ఇది మైకులో వెయ్యండి."

"మ్యూజిక్ డైరెక్టరుగా ఆయనకి పేరు తెచ్చిన పాటే కదమ్మా! ఈ గొంతెవరిది?"

"మా నాన్నది. కృష్ణానగర్ గదిలో ఈ బాణీ కట్టి, క్యాసెట్ ఆయన చేతికిచ్చి వచ్చాడు. సినిమాలో ఆయన పేరుతో వచ్చింది."

మాస్టారు చెవి దగ్గర్నించి ఫోన్ తప్పించాడు. ఆ సినిమాలో ఈ పాటకి డోలు వాయించింది తనే.

"ఇండస్ట్రీ అంతా అక్కడే ఉంటుందమ్మా. ఆయన పరువు పోతుంది."

"పోవాలనే. నాన్న పోయేదాకా, ఆ పాట వస్తే రేడియో కట్టేసేవాడు."

"పెళ్లికొడుక్కి తెలిస్తే పెళ్లి ఆగిపోదూ?"

"వాళ్ల నాన్న బీరువాలోంచి ఆ క్యాసెట్ తెచ్చిచ్చింది తనే. సౌండు మాత్రం తగ్గించొద్దన్నాడు."