హెట్టీ ఆలస్యపు నవ్వు

ఆపు, ఆపరా జోయెల్. ఆ ఫోను అలా బల్ల మీద పెట్టి ముందు నేను చెప్పేది విను. అన్ని వందల మంది ఒక్కసారి నవ్వుతుంటే అందులో మీ నాయనమ్మ హెట్టీ నవ్వు ఏదో నీకెలా తెలుస్తుంది? పాపం, నువ్వు పుట్టకముందే పోయింది. ఇంట్లో ఉన్నవన్నీ మూగ ఫోటోలే. దాని గొంతు మిగిలింది ఈ ఒక్క పాత టీవీ కామెడీలోనే. కాస్త ఓపిక పట్టు, నేనే చూపిస్తా. ఆ బిస్కెట్టు ఇటివ్వు.

ఆ రోజుల్లో ఈ కామెడీ వచ్చే వేళకి మా ఊరు బర్న్లీలో కుక్క కూడా మొరిగేది కాదు. మీ తాత పబ్బులో గ్లాసు సగంలో వదిలేసి పరిగెత్తుకొచ్చేవాడు, నమ్ముతావా? ఇప్పుడు మీరేమో ఎవరి ఫోను వాళ్ళు చూసుకుని ముక్కుతో ఓసారి గాలి వదులుతారు, దాన్ని నవ్వంటారు. సరే, ఎక్కడున్నాను? ఆఁ, బట్టల మిల్లు. హెట్టీ, నేనూ పక్కపక్క మగ్గాల మీద చేశాం. ఆ మోతలో దేవుడు దిగొచ్చి పిలిచినా వినపడదు. అందుకే మాది మూతిమాట. శబ్దం చెయ్యకుండా పెదాలు ఇంతింత సాగదీసి మాట్లాడుకునేవాళ్ళం. మేస్త్రీని వాడి ఎదుటే తిట్టేవాళ్ళం, వాడు పళ్ళికిలించి నవ్వేవాడు. పోనుపోను హెట్టీకి చెవులు పోయాయి, మూతిమాటే మిగిలింది.

ఓసారి మా చర్చి ఆడవాళ్ళందరం బస్సు కట్టించుకుని మాంచెస్టరు వెళ్ళాం, ఈ కామెడీ తీస్తుంటే కూర్చుని చూడ్డానికి. చూసేవాళ్ళ నవ్వులు కూడా అందులోనే రికార్డు చేసేవాళ్ళు. హీరో ఉన్నాడే, అద్దెగదిలో ఉండే ముసలాడు, వాడు జోకేసేటప్పుడల్లా కెమెరా వైపు తిరుగుతాడు. హెట్టీకి వాడి మూతి కనపడదు. నన్ను మోచేత్తో పొడుస్తుంది: "ఏమన్నాడే?" నేను మూతిమాటలో చెప్తాను. అప్పటికి జనం నవ్వి, కళ్ళు తుడుచుకుని, సర్దుక్కూర్చునేవాళ్ళు. అప్పుడు మొదలెడుతుంది ఇది, గుడ్డు పెట్టిన కోడిలా! విరామంలో ఒక కుర్రాడు మైకు పట్టుకుని వచ్చాడు. "అమ్మా, మీరు అందరితోపాటే నవ్వాలి. లేకపోతే బయట కూర్చోబెట్టాల్సొస్తుంది" అన్నాడు. అది ఊరుకుంటుందా? "మీ ముసలాణ్ణి ఇటు తిరిగి ఏడవమను నాయనా, అందరికంటే ముందే నవ్వుతా" అంది. నాకు మాత్రం భయమేసింది. ఏడాదంతా ఎదురుచూసింది పిచ్చిది, బయటికి పంపేస్తే ఎలాగా అని.

ఇక ఆఖరి సీను. ముసలాడి పిల్లి చచ్చిపోయింది. అటు తిరిగి ఏడుస్తున్నాడు. సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. నాకూ ఏడుపాగడం లేదు. అంతలో ఇది పొడిచింది. పిల్లి పోయిందని చెప్పబోయాను, ఏడుస్తూ చెబితే మూతి సరిగ్గా తిరుగుతుందా? దానికేమో "పళ్ళు పోయాయి" అని కనపడిందిట! కట్టుడు పళ్ళు పోతే ఇంత ఏడుపా అని, ఓరి నాయనో, ఒక్కసారి విరగబడి నవ్వింది. అయిపోయింది, బయటికి గెంటేస్తారనుకున్నా. ఆ ముసలాడి భుజాలు మాత్రం ఇంకా కదులుతున్నాయి. ఏడుపు కాదురా, నవ్వు. ఆ తర్వాత హాలు మొత్తం నవ్వింది. దాన్ని తీసెయ్యకుండా అలాగే టీవీలో వేశారు. మేస్త్రీ మర్నాడు హెట్టీకి టోపీ తీసి దణ్ణం పెట్టాడు, వెధవ.

ఇప్పుడు పెట్టు. గట్టిగా పెట్టు. పిల్లి... ఆ, అదే. అటు తిరిగాడు చూశావా? జనం చప్పుడు లేదు. ఇదిగో, ఈ ఖాళీ ఉందే, ఏమీ వినపడటంలేదు కదూ? అది నేను. దానికి చెప్తున్నాను. ఇప్పుడు...

అదీ. అదేరా మీ నాయనమ్మ.

...

ఆఁ? ఏం లేదు. మళ్ళీ పెట్టు. ఎక్కడికి లేస్తావు? టీ కాదురా, ఆ నవ్వు.