హీరో పారేసిన మాత్రల షీటు

ఏమయ్యా టైలరూ, నిలబడే ఉన్నావేం, కూర్చో. బాబాయ్, ఇతనికీ ఒక టీ. నేను పాడ్‌కాస్ట్ స్టూడియోలో పనిచేస్తానని మీకందరికీ తెలుసు కదా, ఆ పెద్ద హీరో మా దగ్గరికి వచ్చిన రోజు సంగతి చెబుతున్నాను. ఆయన ముందు మైకు సరిచేసింది నేనే. అదేం పెద్ద గొప్ప కాదులే, కొంచెం ఎడమకి జరిపానంతే.

జరిపానా, ఆయన నా వంక చూసి, మీరు తలూపితే గానీ నేను నోరు తెరవను అన్నాడు. నేను ఊపలేదు. ఎందుకూపుతాను, ఏసీ చప్పుడు వినిపిస్తోంది. అంతటి మనిషిని ఇరవై నిమిషాలు అలాగే కూర్చోబెట్టాను. యాంకరమ్మకి చెమటలు పట్టాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?

"అన్నా, మాత్రల సంగతి చెప్పు. నువ్వు చెప్పినప్పటి నుంచి మా అమ్మ బీపీ మాత్రలు మానేసింది. ఇవాల్టికి పన్నెండు రోజులు."

అక్కడికే వస్తున్నా టైలరూ. మీ అమ్మగారు తెలివైన మనిషి, ఆ రోజు మీ గుమ్మంలో నిలబడి చెబుతుంటే ఒక్క ముక్క వదలకుండా విన్నారు. సరే, తలూపాను, హీరో మొదలెట్టాడు. ఇరవై ఏళ్ళ బీపీ, ఏదో ఆకు కషాయం తాగితే పది రోజుల్లో పోయిందట. నాలుగు కోట్ల మంది వినే మాట, నిజమో కాదో తేల్చుకోవద్దూ? అక్కడికక్కడే చెయ్యి పట్టుకుని బీపీ మిషన్ కట్టేశాను.

"ఆయన చెయ్యి నువ్వు పట్టుకున్నావా?"

చెయ్యేంటి బాబాయ్, భుజం దాకా పట్టుకున్నాను. నూట ఇరవై బై ఎనభై. ఆయన పక్కన కూర్చున్న పుణ్యానికి యాంకరమ్మ బీపీ కూడా దిగిపోయింది, లిఫ్టు దగ్గర వాచ్‌మన్‌ది కూడా. ఎపిసోడ్ వదిలామా, బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి, డ్రైవర్లందరి చెవుల్లో అదే. విన్నవాళ్ళ లెక్క తీస్తే దేశంలో ఉన్న జనం కన్నా ఎక్కువ తేలింది. ఈ మిగతావాళ్ళెవరయ్యా అని మా ఓనరు అడిగితే, పుట్టబోయేవాళ్ళు సార్, కడుపులోంచే వింటున్నారు అని నేనే చెప్పాను. మందుల కంపెనీవాళ్ళు విమానంలో వచ్చి నా కాళ్ళ మీద పడ్డారు, ఆపించమని. నేను లేపలేదు.

"చెప్పేవాడికి వినేవాడు లోకువ."

నీ సామెతలు పక్కన పెట్టు బాబాయ్.

"అన్నా, నిన్నటి నుంచి అమ్మకి కళ్ళు తిరుగుతున్నాయి. పొద్దున గోడ పట్టుకుని నడిచింది. డాక్టరు చెప్పినా వినదు, నేను కాళ్ళు పట్టుకున్నా వినదు. ఆ అబ్బాయి కళ్ళారా చూశాడు, నువ్వు చూశావా అంటోంది. నువ్వు నిజంగా చూశావా?"

చూడకపోవడమేంటి, నన్నే అనుమానిస్తావా? ఇక వీటితో నాకు పనిలేదని జేబులోంచి బీపీ మాత్రలు తీసి నా ముందే చెత్తబుట్టలోకి విసిరికొట్టాడు. బుట్ట పగిలింది. సాక్ష్యం కావాలా? పర్సులోనే పెట్టుకు తిరుగుతున్నాను, లక్ష ఇస్తానన్నా ఎవరికీ ఇవ్వలేదు. ఇదిగో, హీరో చెయ్యి తగిలిన షీటు. అందరూ చూడండి. నువ్వేంటి టైలరూ, అటు తిప్పుతావు, ఇటు తిప్పుతావు, వేలు పెట్టి పొడుస్తావు?

"మా అమ్మ వేసుకునే బీపీ మాత్రల షీటే ఇది. పది గుంటలూ ఖాళీ అన్నా."

ఖాళీయే. అయితే?

"మానేసినవాడు మాత్రలున్న షీటు పారేస్తాడు. ఖాళీది పారేసేది వేసుకున్నవాడు."

ఎవరూ నవ్వరేం?

సరే తమ్ముడూ. హీరో రాకముందు ఆయన కుర్చీలో కూర్చుని ఒకటి, రెండు, మూడు అంటాను. గొంతు సరిగ్గా వినబడుతోందో లేదో వాళ్ళు చూసుకుంటారు. అదే నా పని. ఆయన వచ్చేసరికి నన్ను బయటికి పంపేస్తారు. అందరూ వెళ్ళాక గది ఊడుస్తుంటే ఆయన కుర్చీ పక్క బుట్టలో ఇది కనిపించింది, పక్కనే సగం తాగిన నీళ్ళ సీసా. కషాయం మాట అందరిలాగే నేనూ ఎపిసోడ్‌లో విన్నదే, ఆయన్ని నేను చూసిందే లేదు. మీ అమ్మగారు అంత శ్రద్ధగా వింటుంటే నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. నాకు భయంగా ఉంది తమ్ముడూ. రేపు పొద్దున్నే వచ్చి...

"రేపు కాదు, ఇప్పుడే. నేను చెబితే అమ్మ నమ్మదు. లే అన్నా, అంత అబద్ధం నమ్మించావు, ఈ నిజం కూడా నువ్వే నమ్మించు."