చలి కాపలాలో తిన్న ఇసుక

ఇదిగో, మళ్ళీ ఆ పటమే. మూడు రోజుల్నించి చూస్తున్నావు కదా మెందో అన్నా, అందులో కొత్తగా దీవేమైనా మొలుస్తుందా? సార్డీన్ చేపలు చల్లారిపోతున్నాయి. మా పిల్ల గియోమార్‌కి బాప్తిస్మంలో జ్ఞానతండ్రివి, నువ్వు పస్తుంటే పాపమని మా ఆవిడ బొగ్గుల మీద కాల్చి పంపింది. ఒక్కటైనా తిను.

నాకూ ఒళ్ళు మండుతోంది. పటం, దిక్సూచి, ఆ ఇసుక గడియారం అన్నీ రేపు పొద్దున రేవు దొరలకి అప్పజెప్పాలంట. ఇరవై ఏళ్ళు ఓడలకి దారి చూపినవాణ్ణి పట్టుకుని నీకు లెక్క రాదు, ఇంక ఓడ ఎక్కొద్దంటారా? వాళ్ళలో ఒక్కడైనా తేజో నది దాటి సముద్రం మొహం చూశాడా?

లెక్క రాదంట. పన్నెండు రోజులు మబ్బు పట్టి సూర్యుడే కనపడకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు? గడియారం ఎన్నిసార్లు తిప్పామో మేం చెప్పాం. దాన్నిబట్టి ఎంత దూరం నడిచామో నువ్వు లెక్కేశావు. దీవి దాటిపోయామని తేలింది, ఓడ వెనక్కి తిప్పించావు. నీళ్ళు అయిపోయాయి. పదకొండు మంది పోయారు. మబ్బుందే గానీ చుక్క రాల్లేదు కదా, నీ తమ్ముడు త్రిస్తావ్ ఆకాశంకేసి నోరు తెరుచుకునే పోయాడు.

మన జోడు ఓడ వాళ్ళు మాత్రం ముందుకే పోయారు. ఆరంటే ఆరు గంటల్లో దీవి కొండ కనపడిందంట. మెందోకి ఆ ఆరు గంటలు ఎక్కడ పోయాయిరా అని నిన్న సారా కొట్లో ఒకటే నవ్వులు. ఒకడి చొక్కా పట్టుకున్నాను కూడా. కొట్టలేకపోయాను.

ఎందుకు కొట్టలేదా?

కాస్త సారా పొయ్యి అన్నా. చెబుతా.

నడిరేయి దాటాక గడియారం తిప్పే ఆ చలి కాపలా నాది కదా. గాలికి వేళ్ళు కొంకర్లు పోతుంటాయి, ఇసుకేమో దిగనే దిగదు. ఒక్కసారి దిగడానికి అరగంట, అలా ఎనిమిదిసార్లు తిప్పితే గానీ వంతు అవ్వదు. వేలెడు ఇసుక మిగిలుండగానే తిప్పేసేవాణ్ణి. దాన్ని మాలో మేం ఇసుక తినడం అంటాం. అందరూ తింటారు, నేను కాస్త ఎక్కువ తిన్నాను. తిప్పినప్పుడల్లా మరియమ్మ పాట పాడాలి కదా, దొంగగా తిప్పినప్పుడు ఇంకా గట్టిగా పాడేవాణ్ణి. లోపో భక్తి చూడండ్రా అని నువ్వు పడుకున్నచోట్నించే నవ్వావు, గుర్తుందా?

రోజుకి అరగంట. పన్నెండు రోజులు. ఆ లెక్క నీకు నేను చెప్పాలా?

తిట్టన్నా. రేపు దొరల ముందు చెప్పమంటావా? చెబితే ఓడ స్తంభానికి కట్టి వీపు చీరేస్తారు. పిల్లలు గలవాణ్ణి. చెప్పకపోతే నీ బతుకు పోయింది. ఇది మూడు రోజుల్నించీ నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను, మింగుడు పడదు, కక్కలేను.

కంచం ఎందుకు జరిపావు? ఆ గడియారం ఎందుకు నిలబెట్టావు?

ఇది మొత్తం దిగేదాకా లేవొద్దంటావా? దిగాక, రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే రేవు దొరల దగ్గరికి పోదామంటావా?

సరే. కూర్చుంటా.

అరగంటంటే ఇంత పొడుగుంటుందని నాకేం తెలుసన్నా? ఎన్నడూ పూర్తిగా చూసినవాణ్ణి కాదుగా.