మెట్లెక్కినవాళ్లను లెక్కపెట్టిన మల్లికార్జున

అమ్మలారా, అయ్యలారా! ఇంత ఎండలో నోయిడా నుంచి, ఆర్.కె. పురం నుంచి, జనక్‌పురి నుంచి వచ్చిన మిత్రులారా!

మల్లికార్జునగారు ఇక లేరు. పోయిన గురువారం డ్యూటీకి బయలుదేరి, మెట్రో స్టేషన్లో కుప్పకూలిపోయారు. యాభై రెండేళ్లు. పోయే వయసా అది? ముందు వరసలో ఉన్న ఆయన భార్య తేజశ్రీగారిని, కూతురు హారికను ఏ మాటతో ఓదార్చను?

నా పేరు సదాశివరావు. ముప్ఫై రెండంతస్తుల మా టవర్ నివాసుల సంఘానికి కార్యదర్శిని. ఆయన మా లిఫ్టుల ఇంజనీరు. ధర్మవరం మనిషి.

రెండేళ్ల కిందట మేం కొత్త లిఫ్టులు పెట్టించాం. బయటే అంతస్తు నొక్కితే ఏ లిఫ్టు ఎక్కాలో కంప్యూటరే చెబుతుంది. సగటున నలభై సెకన్లకు మించి ఆగక్కర్లేదని రిపోర్టు వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన కొట్టలేదు. నాలుగు రోజులు పొద్దున్నే బేస్‌మెంట్‌లో స్టూలు వేసుకుని కూర్చున్నారు. తర్వాత నా దగ్గరికొచ్చి, "సార్, చూసి చూసి మెట్లెక్కిపోయినోళ్లు ఈ లెక్కలో లేరు" అన్నారు.

ఎవరు వాళ్లు? బేస్‌మెంట్ దారిన వచ్చి మన ఇళ్లలో పనిచేసేవాళ్లు. పై అంతస్తుల రద్దీకి లిఫ్టులన్నీ పైనే తిరిగేవి. ఏడో నెల గర్భంతో చాందిని పంతొమ్మిది అంతస్తులు ఎక్కేది. నాకు తెలియదు. ఆమె పనిచేసేది మా ఇంట్లోనే.

ఆయన పొద్దుటిపూట ఒక లిఫ్టును బేస్‌మెంట్‌కే కేటాయించారు. మాకు ఆరు సెకన్లు ఆలస్యం పెరిగింది. ఆరంటే ఆరు సెకన్లు! ఆయన్ను తీసేయమని లిఫ్టుల కంపెనీకి ఉత్తరం రాసిందెవరు? నేనే. చాందిని సంగతి తెలిశాక కూడా రాశాను. ఉద్యోగం మీదికి వచ్చినా ఆయన ఆ మార్పును వెనక్కి తీసుకోలేదు.

నా ఉత్తరం మీద కంపెనీ విచారణ నడుస్తుండగానే, పోయినేడాది జూన్‌లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరూ మొరాయించింది. మా ఆవిడ లిఫ్టులో ఇరుక్కుపోయింది. ఆమెకు ఆయాసం. పైన మెకానిక్ లిఫ్టును దించే పనిలో ఉంటే, ఈయన ఇంటర్‌కం వదల్లేదు. "కింద కూర్చోండమ్మా. గాలి వస్తాంటుంది, భయపడొద్దు. నేనీడే ఉండా. ఈరోజు ఏం వండినారో చెప్పండి" అన్నారు. ఇరవై నిమిషాలు ఆమె చేత గుత్తివంకాయ వండే పద్ధతి చెప్పించారు.

తలుపు తెరుచుకోగానే ఆయన చేతులు పట్టుకుని, ఉత్తరం సంగతి ఎత్తబోయాను. "అచ్ఛా సార్, అదంతా తర్వాత. ముందు అమ్మకు మంచినీళ్లీండి" అన్నారు.

మర్నాడే ఉత్తరం వెనక్కి తీసుకున్నాను. క్షమించమని మాత్రం అడగలేదు. రేపు అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటూ ఏడాది గడిపేశాను.

మల్లికార్జునగారూ, నన్ను క్షమించండి.

ఇంక మాట్లాడలేను. దయచేసి అందరూ లేవండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు కూర్చునే ఉండండి, ఆయనుంటే లేవనిచ్చేవారు కాదు. రెండు నిమిషాలు మౌనంగా ఆయన్ను తలుచుకుందాం.